పని దూరం

అంబిక చదువుతున్న ఊరి పేర్లనే గ్లాసుంది.
గ్లాస్గో.
నారాయణపేట పాత బస్టాండు ముందర
ముప్పై ఏండ్ల సంది అద్దాలు అరగదీస్తున్న నాకు
అది మన దుకాణానికే ఇంకో బ్రాంచి అనిపించింది.

ఇంటర్ చదువుకుంట సాయంత్రాలు వచ్చేది.
రిజిస్టర్ల పవర్లు రాసేది, కింద పడ్డ స్క్రూలు ఏరేది.
అక్షరం రానోళ్ళకు నేను 'ఈ' బొమ్మ చూపిస్తె
"అది గొర్రు అవ్వా,
గొర్రు పండ్లు ఎటున్నయో చెయ్యితోటి చూపు"
అని తనే మాట అందిచ్చింది.
ఆ దినం నుంచి మా గోడ మీద అన్నీ గొర్లే,
కొన్ని మీదికి, కొన్ని కిందికి, దున్నుకుంట.

ఆప్టోమెట్రీ అంటె మా గల్లీల ఎవరికీ నోరు తిరగలే.
కంటి డాక్టరా అంటె కాదంటది,
అద్దాల షాపా అంటె కాదంటది.
మరేందమ్మా అంటె
"కాక చేసేదే, కాని ఎందుకు చేస్తున్నమో తెలిసి చేసుడు"
అన్నది. నాకు కొంచెం గుచ్చుకుంది.
నాకు డిగ్రీ లేదు.
అబిడ్స్‌ల ఒక సేటు కాడ రెండేండ్లు రాయి తిప్పి నేర్సుకున్న.

మొన్న రాత్రి ఫోను.
అక్కడ నాలుగింటికే చీకటంట.
"ప్లాస్టిక్ కన్ను ముందర కూసోని
లోపలి ఎర్ర వెలుగు ఎటు జరుగుతుందో చూసుడు నేర్సుకుంటున్న కాకా.
ఆ కన్ను రెప్ప గొట్టది, పైసలు తగ్గియ్యమనది."
నవ్వి, ఆగింది.
"మీ ఊర్ల ఏం పని చేస్తరని మేడమ్ అడిగింది. నేస్తరన్న.
కంటికీ పోగుకూ ఎంత దూరం అన్నది.
నాకు తెల్వదు కాకా. నీకు?"

నాకూ తెల్వదు.

తెల్లారి టేపు జేబుల వేసుకోని శరణమ్మ ఇంటికి వోయిన.
గుంట మగ్గంల కాళ్ళు దింపి కూసున్నది.
చీర సగం దాక వచ్చింది, ఎరుపు మీద పసుపు గళ్ళు.
నేనిచ్చిన అద్దాలు నెత్తి మీదున్నయి.
పెట్టుకోవా?
"పెండ్లిండ్లకు పెట్టుకుంట. నేసేటప్పుడు అడ్డం."
ముక్కు కాడ టేపు పడితె
కంటికి కూడ రైక కుడ్తవా అని కోడలు నవ్వింది.

నాడె ఆడే కాడికి యాభై ఆరు సెంటీమీటర్లు.
తెగిన పోగు వెతికే కాడికి డెబ్బై మూడు.
ముడి వెయ్యడానికి వంగితె ఇరవై ఎనిమిది.

నేనిచ్చింది నలభై.
నలభై అంటె పేపరు పట్టుకునే దూరం.
పేపరు ముఖం చూడని శరణమ్మకు
పేపరు దూరం అద్దాలిచ్చిన,
ఒక్కసారి కాదు, మూడుసార్లు, పవరు పెంచుకుంట.
ఆమెకేనా.
పుస్తెలు అతికే విరూపాక్షప్పకు నలభై.
ఆర్టీసీ మెకానిక్ ఖాజాకు,
బస్సు కింద ఎల్లకిల పండుకోని మీదికి చూసే మనిషికి
నలభై.

రాత్రి అంకెలు చెప్తుంటె
అటు దిక్కు పెన్ను గీస్తున్న చప్పుడు.
"నీది కూడ చెప్పు కాకా. రాయి కాడ ఎంత?"
నాదెవరు కొలిచిండ్రు?
గిన్నె బోర్లేసి రాయి అనుకోని
నా ముక్కుకు నేనే టేపు పట్టుకున్న.
అంకె కనబడలే.
అద్దాలు దుకాణంల మరిచి వచ్చిన.
అటు దిక్కు అంబిక నవ్వు ఎంతసేపటికీ ఆగదు.

పొద్దుగాల రిజిస్టర్ తెరిచిన.
పేరు. ఊరు. పవరు. బాకీ.
అన్నిటికన్న వెడల్పు గడి బాకీదే.
దాన్నే కోసి, స్కేలు పెట్టి ఇంకో గీత కొట్టి,
నెత్తి మీద రాసిన: పని, ఎంత దూరం.

మొదటి బేరం ఊట్కూరు పిలగాడు,
భుజం మీద గొంగడి.
ఏం పని?
"గొర్ల కాడ."
ఎంత దూరముంటయి నీ కంటికి?
పిలగాడు నన్ను ఎగాదిగా చూసిండు.
"అవి నిలబడితె గద సారూ."