ఎనిమిదో గడి

ఎమ్జీఎంల నేను రాసే రిజిస్టరుకు పదకొండు గళ్ళు.
పేరు, తండ్రి పేరు, ఈడు, ఊరు,
తోలుకొచ్చినోడు, తోలుకొచ్చిన యాళ్ళ,
ఒంటి మీది పుట్టుమచ్చలు.
దెబ్బ ఎట్ల తాకిందన్నది ఎనిమిదో గడి.
ఇరవై రెండేండ్ల సంది
ఆ గడిల నా చెయ్యి రాసినన్ని సార్లు
వరంగల్ల ఎవడూ జారిపడి ఉండడు.
ఠాణాల గచ్చు అంత నున్నగుంటదట.

సమ్మె ముప్పయ్యో దినం.
బస్సులు డిపోల పండుకున్నయ్.
బడులకు తాళాలు, పొయ్యిలు నడిరోడ్డు మీద.
నా బిడ్డ కాలేజి పిల్లలతోని పోయి
ఒర్రి ఒర్రి గొంతు పోగొట్టుకొని
రాత్రిపూట ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నది.
అందరం ఒక్కటే అని గోడల నిండ రాసిన రోజులు.
నేను నమ్మిన.
ఇప్పటికీ ఆ గోడల పక్కపొంటి పోతే
నమ్మబుద్ధయితది.

ఆ పొద్దు హనుమకొండ చౌరస్తల లాఠీలు లేచినయ్.
నలభై మందిని ఒక్క డీసీఎంల కుక్కిండ్రు.
పొద్దుమీకి పెద్దమనుషులొచ్చిండ్రు, ఫోన్లు మోగినయ్,
ముప్పై తొమ్మిది మంది మెడల దండలతోని బయటికొచ్చిండ్రు.
ఠాణా ముంగట డప్పు. నా బిడ్డ గూడ ఎగిరింది.
నలభయ్యోడు లోపల్నే.

కుతాడి ఐలేషు. ఇరవై ఒకటి.
డిగ్రీ రెండో ఏడు, తెల్లారకముందే పేపర్లేస్తడు.
ఇంటిపేరు కాడ ఆగిండట ఎస్సై.
"ఎరుకలోనివా?"
"ఔ సార్."
అప్పటిదాక అడిగింది రాయి ఇసిరిందెవడని.
అప్పటిసంది అడిగింది
కాశిబుగ్గల పోయిన బంగారం ఏడున్నదని.

వాని తాత నైజాం జమానల
రాత్రి రెండు జాములకు లేచిపోయి
నేనీడనే ఉన్న దొరా అని హాజరు పలికేటోడట.
ఆ కాయిదాన్ని సర్కారు ఎన్నడో చింపేసింది.
చింపినట్టు ఠాణాకు ఎవరూ చెప్పలే.

రాత్రి పదకొండింటికి తెచ్చిండ్రు.
అరికాళ్ళు రెండూ ఉబ్బి
చిట్లిన నేరేడు పండ్ల తీరు.
వెంటొచ్చిన జవాను మా వాడకట్టోడే.
మా ఇద్దరి తాతలు ఒక్క లందల తోళ్ళు నానేసినోళ్ళే.
"జారిపడ్డడని రాయక్కా" అన్నడు
మొఖం గోడ దిక్కు పెట్టి.

పెన్ను మూత తీసిన.
తల్లి మొండమ్మ ఈతగంప సంకల పెట్టుకొని
నా బల్ల కాడికి వచ్చింది.
ఊరందరి చేతులు పట్టుకొని ఎరుక చెప్పే మనిషి
నా చేతి దిక్కు చూసింది. పట్టుకోలే.
ఒక్క మాట అడిగింది:
"అరికాళ్ళ మీద జారిపడ్తరా, బిడ్డా?"

జవాను బయటికి పోయిండు, బీడీకో దేనికో.

అరికాళ్ళకు కమిలిన దెబ్బలు, లావు కట్టెతోని.
పోలీసులు కొట్టిండ్రని రోగి చెప్పిండు.
ఇట్ల రాసిన.
చెయ్యి వణికి 'పోలీసుల' అని పడ్డది,
మళ్ళొచ్చి కొమ్ము పెట్టిన.

దీన్ని ధైర్యం అనకుండ్రి.
కింది అర్రల పాత రిజిస్టర్లు చెదలు తింటున్నయ్.
బానోతు భీల్యా, పర్వతగిరి దిక్కు తండా,
ఐదోనాడు పానం ఇడిసిండు.
వాడు గూడ జారిపడ్డోడే. రాత నాదే.

ఇంటికి పోయి బిడ్డకు చెప్పిన.
గొంతు లేదు దానికి, నోటుబుక్కుల రాసి చూపించింది:
లెక్కపెట్టలే అమ్మా, డప్పు కొడుతుంటే.

తెల్లారి ఠాణా ముంగట కూసున్నరు.
ముప్పై తొమ్మిది మంది కాదు, తొమ్మిది మంది.
మిగిలినోళ్ళకు ఏవో పనులు.
దండలు తెచ్చి గేటుకు తగిలిచ్చిండ్రు,
వాడిపోయినవి, దారం కనపడేటివి.
మూడు దినాలకు కేసు లేదని కాయిదమిచ్చిండ్రు.
కొట్టినోని మీద గూడ కేసు లేదు.

నన్ను దుప్పట్ల స్టోరుకు మార్చిండ్రు.
ఎనిమిదో గడిల ఇప్పుడెవరు రాస్తున్నరో.

రాష్ట్రం వచ్చింది.
ఐలేషు మా గల్లిల ఇంకా పేపరేస్తడు.
సైకిలు మీదున్నంతసేపు నొప్పి తెల్వదంటడు,
నిలబడ్డప్పుడే.