ఎక్స్‌పాన్షన్

కల్వకుర్తిల మా కుట్టుషాపు గోడకు
మున్సిపాలిటోళ్లు ఎర్రరంగుతోని గీత కొట్టి పోయిండ్రు.
గీత మీద ఇంగ్లీషుల ఒక పొడుగు మాట,
దాని కింద పదకొండు ఫీట్లు.

నవనీత కూడబలుక్కొని చదివింది:
ఎక్స్‌పాన్షన్. అంటే విస్తరణ, అమ్మా.
విస్తరి తెలుసు గని ఇదేందే, అన్న.
పెద్దగయ్యుడట.

ఏది పెద్దగైతది?
రోడ్డు.
మరి మనది?
పిల్ల డిక్షనరీల పేజీ తిప్పింది,
మల్ల ఎన్కకు తిప్పింది.

పూనాల బ్రిడ్జి పనికి పోయొచ్చిన కురుమయ్య
కాళ్లు కడుక్కుంట చెప్పిండు:
మా సైటుల గా మాటంటే సందు.
రెండు స్లాబుల నడుమ
రెండు వేళ్లు పట్టే జాగ ఇడుస్తరు.
ఎండకు కాంక్రీటు ఉబ్బుతది.
ఉబ్బెతందుకు జాగ లేకుంటే
రెండూ పగుల్తయి.

నాకది కొత్త గాదు.
ఏడో తరగతి లంగాలకు అంచు లోపట
మడత ఇడుస్త, ఎదిగే పిల్లలని.
అది బయటికి కనవడది.
దానికి పైసలు గూడ అడగ.

రాత్రి టేపు వట్టి కొలిచిన.
ముందటి గడప నుంచి ఎన్క గోడ దాక
తొమ్మిదిన్నర.
తక్కువవడ్డ ఫీటున్నర
గోడకవతల గౌసియా వంటింట్ల ఉన్నది.
ఆడ ఇంక కుక్కర్ కూస్తనే ఉన్నది.

కురుమయ్య పండుకున్నడు.
రేపియ్యాల్సిన లంగా మిషన్ మీదున్నది.
మడత ఇంకో అంగుళం ఎక్కువ ఇడిసి
కుట్టు మొదలువెట్టిన.