ఒంటి కంటి సాక్ష్యం

ఇక్కడ మా ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది.
అదీ రెండు వారాలకోసారి, కొన్ని గంటలే.
అసర్ బాంగు వినపడేసరికి
సాల్వాలో మేడమ్ గుమ్మం ముందుండాలి నేను.

కళ్ళజోడు రంజాన్ మొదట్లో విరిగింది.
సమోసాల పిండి వత్తుతుంటే ముక్కు మీంచి జారి
నేల మీద పడి,
పరిగెత్తుకొచ్చిన ఫహద్ బాబు కాలికింద పడి.
ఆ నెలంతా వాక్యం లేదు నాకు.
అక్షరాలు చీమల బారులై
పేజీ దాటి వెళ్ళిపోయేవి.
నోటికొచ్చిన నాలుగు కీర్తనలే
గిన్నె మీద గిన్నె బోర్లిస్తూ తిప్పి తిప్పి చెప్పుకున్నాను.
"ప్రభువా, కళ్ళజోడు" అన్నాను.
అంత పెద్ద దేవుణ్ణి ఇంత చిన్నది అడగడానికి
మొదట సిగ్గేసింది.
తర్వాత వెయ్యలేదు.

పండగ వెళ్ళాక ముసలి యమ్మాకి శుక్లాలు తీశారు.
పాత జోడు చెత్తలో పారెయ్యమని నా చేతిలో పెట్టారు.
అడిగి ఉంచుకున్నాను.
ఎడమ కంటికి బియ్యంలో నూక కూడా కనిపించింది.
కుడి కంటికి పొగ.
సగమే ఇచ్చావేంటయ్యా అని నవ్వొచ్చింది.
ఆ రాత్రి వంటింటి వెనక గదిలో
కుడి కన్ను మూసుకుని మూడు అధ్యాయాలు చదివాను.
ఎవరైనా చూస్తే
దేవుడికి కన్ను కొడుతున్నాననుకుంటారు.

మొన్న శుక్రవారం లేచి సాక్ష్యం చెబుదామనుకున్నాను.
మా కూటంలో సాక్ష్యాలు పెద్దవి.
క్రేను నడిపే ఇశ్రాయేలు అకామా మళ్ళీ వచ్చింది,
సువార్తమ్మక్క గడ్డ కత్తి పడకుండా కరిగింది.
వాటి మధ్య నా ఒంటి కంటి జోడు.
మాటలు కూర్చుకుంటూ బస్సెక్కాను.
నంబరు ఏ కంటితో చూశానో మరి,
కుడివైపు రావలసిన సముద్రం ఎంతకీ రాలేదు.
సిటీ బదులు ఫర్వానియా వచ్చింది.

దిగాను. స్టాపు నీడ నా భుజమంత వెడల్పు.
"దారి చూపించే తండ్రివి కదా!"
గట్టిగానే అన్నాను, తెలుగులో.

"అమ్మా, మీరు తెలుగోళ్ళా?"

సిమెంటు దిమ్మ మీద ఒక పిల్ల.
రాయచోటి. పేరు మస్తాన్‌బీ.
పనిచేసే ఇంట్లోంచి వచ్చేసి రెండో రోజు.
మణికట్టు మీద మచ్చ చూశాను, అడగలేదు.
ఫోను చచ్చిపోయింది.
చిన్నమ్మ నంబరు రాసిన కాగితం
చెమటకి తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది.
జోడు పెట్టుకుని కుడి కన్ను మూశాను.
చివర అంకె ఒకటో, ఏడో.
ఒకటికి ఎవరో మగమనిషి అరబీలో తిట్టాడు.
ఏడుకి అటువైపు ఏడుపు వినిపించింది,
ఇటువైపూ మొదలైంది.
నా బ్యాలెన్సు వాళ్ళిద్దరి ఏడుపుకే అయిపోయింది.

చిన్నమ్మ వచ్చేదాకా కూర్చున్నాం.
అక్కడ సిటీలో ఈపాటికి బల్ల తీసి ఉంటారు.
సంచిలో ఖుబూజ్ ఒకటుంది, కొంచెం వంకాయ కూర.
నేను కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాను.
ఆ పిల్ల బిస్మిల్లా అంది.
విరిస్తే పెద్ద ముక్క ఆమె వైపు వచ్చింది.

తప్పు బస్సు అని రాద్దామనుకున్నాను,
ఇప్పుడు ఆ మాట దగ్గర చెయ్యి ఆగుతోంది.
అలాగని దేవుడే ఎక్కించాడని
మైకులో చెప్పే ధైర్యమూ లేదు.
ఆ పిల్ల అక్కడ కూర్చోవలసి రాకుండానే
చేసుండొచ్చు కదా ఆయన?
ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది, తోమని గిన్నెలా.

పావుగంట ఆలస్యం.
మేడమ్ గోడ గడియారం వైపు వేలు చూపించింది,
వచ్చేసారి సెలవు లేదంది.
సరే అన్నాను.

పడుకునే ముందు ఫోను ఒక్కసారి మోగి ఆగింది.
తిరిగి చెయ్యడానికి నా దగ్గర పైసా లేదు,
ఎత్తేదాకా మోగించడానికి వాళ్ళ దగ్గరా లేదేమో.
కుడి కన్ను మూసుకుని నంబరు చూశాను.
చివర ఏడు.