తేడా అనే గడి

విల్నియస్ నుంచి వచ్చిన ఉత్తరం మర్యాదగానే ఉంది.
మీ మూడు వందల పన్నెండు కిటికీలూ
ఒకదానికొకటి బదులు కాగలవా, అని అడిగింది.
కాగలిగితే అవి సరుకు. సరుకైతే చట్టం.
కాలేకపోతే బొమ్మలు,
మీ దారిన మీరు.

ఫోన్ చేస్తే నోర్వీదస్ అనే ఉద్యోగి
దగ్గుతూ అన్నాడు:
"వరస నంబర్లు వేశారు కదండీ,
ఒకే తానులో ముక్కలనుకుంటారు."

తేలేదాకా బ్యాంకులో నా డబ్బు
గాజు అవతలి రొట్టె.
మళ్ళీ అమ్ముడైనప్పుడల్లా రావలసిన పదో వంతూ ఆగింది,
సైటు మా దేశానికి తలుపేసుకుంది.

ఎదురు బ్లాకు కిటికీలవి.
క్లైపెదాలో, తడి గోనెసంచిలాంటి చలికాలం,
నాలుగింటికే చీకటి.
రాత్రికి రెండో మూడో గీశాను.
ఎన్‌ఎఫ్‌టీలుగా వదిలితే సింగపూర్‌లో ఒకాయన
నలభై కొన్నాడు. చూశాడో లేదో.

కోపం తెచ్చుకుందామని చూశాను.
కింది అంతస్తు బిరూతె గుర్తొచ్చింది,
నక్క బొమ్మ నాణెంలో పోసిన
ఆమె పళ్ళ సెట్టు డబ్బు.
అప్పుడు ఏ ఉత్తరమూ ఎవరికీ రాలేదు.

సరే, ఫారం నింపుతున్నాను.
తేడా అనే గడిలో ఇరవై అక్షరాలే పడతాయి.
పదిహేడు: కాక్టస్, పగిలిన కుండీ.
నలభై ఆరు: సిగరెట్ మానేశాడు.
మానేసినా రోజూ అక్కడే నిలబడతాడని
రాయబోతే గడి ఒప్పుకోలేదు.
నూట తొంభై: మార్చి నుంచి దీపం లేదు.
ఎందుకో చెప్పడానికి చోటు లేదు.

రెండు వందల నలభై ఒకటి దగ్గర చెయ్యి ఆగింది.
ఎనభై ఎనిమిదీ ఇదీ
అచ్చుగుద్దినట్టు ఒకటే.
అదే పరదా, అదే టీవీ నీలం.
ఆ రాత్రి జ్వరం. కాపీ చేసి అతికించాను.
కొన్నవాడు కనిపెట్టలేదు.
ఇన్నాళ్ళూ నేనూ మర్చిపోయాను.
బ్లాక్‌చెయిన్‌లో పడింది ఇక చెరగదు.

కోటు వేసుకుని రోడ్డు దాటాను.
కింద నుంచి లెక్కపెట్టాను, రెండుసార్లు.
ఆ కిటికీకి పరదాయే లేదు.
ఒక కుర్రాడు గాజుకి నుదురానించి
ఊదుతున్నాడు, ఆ ఆవిరి మీద ఏదో గీస్తున్నాడు,
ఆరిపోగానే మళ్ళీ.

ఇంటికొచ్చి గడిలో రాశాను:
ఇది నేను చూడలేదు.

ఇంకా చాలా చోటు మిగిలింది.