దారం తెగకుండా

చిలోయే ద్వీపం, కాస్త్రో ఊరి ఆసుపత్రి.
రెండో అంతస్తులో, వాన ఆగని కిటికీ పక్కన
నా బల్ల.
దాని మీద ఒక కాగితాల క్లిప్పు, పత్తి ఉండ,
శనగలు పోసిన గిన్నె.
నా పనిముట్లు ఇంతే.

ఎలెయుతేరియో చిగ్వాయ్ పడవలు కడతాడు.
జూలైలో, సముద్రం వెనక్కి తగ్గిన ఓ మధ్యాహ్నం
సైప్రస్ పలకను రంపానికి అందిస్తూ
ఎవరో పిలిస్తే తల తిప్పాడట.
ఎవరు పిలిచారో చెప్పడు.
బొటనవేలి కొసన ఉండే మెత్తటి దిండు
రంపపు పొట్టులో కలిసిపోయింది.
ఎముక బయటికి తొంగిచూసింది.

ఎముక కాస్త కొరికి కుట్టేస్తే
పది రోజుల్లో పనికెళ్ళొచ్చు అన్నారొకరు.
"పొట్టి వేలితో మేకు నిలబెట్టలేను" అన్నాడు.

డాక్టర్ ఒయార్సున్ కళ్ళద్దాలకు భూతద్దాలు తగిలించుకుని
అతని చూపుడువేలి వీపు మీద
పెన్నుతో ఒక ముక్క గీసింది.
అక్కణ్ణుంచి మణికట్టు వైపు ఒక గీత.
"గాలిపటం" అంది.
నిజంగానే ఆ కోతకి అదే పేరు.
సెప్టెంబరులో మా పిల్లలు ఎగరేసేదానికి నూలు దారం,
దీనికి సన్నటి నెత్తురు నాళం,
దాన్ని అంటిపెట్టుకున్న నరం.
దారం తెగితే పటం నల్లబడుతుంది.

చర్మం కింద సొరంగం చేసి
పటాన్ని లోపలినుంచి లాగి
ఎముక మీద పరిచింది.
చేతికి కట్టిన పట్టీ వదిలాక
గదిలో ఎవరూ మాట్లాడలేదట.
పాలిపోయిన ముక్క.
ఒక నిమిషం. ఇంకొకటి.
అప్పుడు, ఉడికిన రొయ్య రంగు.

చూపుడువేలికి పడిన బాకీని
ముంజేతి చర్మం తీర్చింది.
ముంజేతికి మాత్రం
ఆరు కుట్లు, అంతే.

తర్వాత నా దగ్గరికి పంపారు.
కళ్ళు మూయించి, క్లిప్పు కొసతో
బొటనవేలిని తాకుతాను.
"ఎక్కడ?"
"చూపుడువేలు."
మళ్ళీ తాకుతాను.
"చూపుడువేలే. మోసం చేస్తున్నావు సెన్యోరా."
కళ్ళు తెరిచి, నమ్మలేక తలాడించేవాడు.
ఇల్లు మారి నెలలైనా
ఉత్తరాలన్నీ పాత చిరునామాకే.

ఏ వేలు కోసినా నొప్పి ఒకటే అంటారు.
ఇక్కడ ఈ వేలు గిల్లితే
ఆ వేలు అబ్బా అంటుంది.

నవంబరులో, ముద్ర ఉండాల్సిన చోట
రెండు వెంట్రుకలు మొలిచాయి.
సిగ్గుపడుతూ చూపించాడు.
పీకెయ్యనా అంటే వద్దన్నాడు:
"పాపం, ఎక్కడికొచ్చిందో దానికింకా తెలీదు."

గుర్తింపు కార్డు కోసం వెళ్తే
గాజు పలక మీద వేలు నొక్కమన్నారు.
సుడులు లేవు, శంఖం లేదు, చక్రం లేదు.
తెర మీద బీటలు వారిన మట్టిలా
చర్మపు ముడతలు.
గుమాస్తా మూడుసార్లు అద్దం తుడిచి
"ఇది మీ వేలేనా?" అంది.
కాసేపు ఆలోచించి
"సగం" అన్నాడట.

మనవరాలు యాస్నా లోపలికి రాదు.
తొమ్మిదేళ్ళ పిల్ల.
నడవాలో బెంచీ మీద తడి బూట్లు ఊపుకుంటూ
గోడనో, నేలనో చూస్తుంది,
తాత చేతిని తప్ప.
ఆ మధ్యాహ్నం పిలిచిందెవరో
నాకు ఎప్పుడో అర్థమైంది.
నేనూ అడగలేదు.

చివరి రోజు తనే తలుపుదాకా వెళ్ళి
ఆ పిల్లని చెయ్యి పట్టి తెచ్చాడు.
కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.
"నువ్వు తాకు."
క్లిప్పు అందించాను. తీసుకుని,
బల్ల మీద పెట్టేసి,
తన వేలితోనే తాకింది,
కాలుతుందేమో అన్నట్టు.
"ఎక్కడ?" నా బదులు తనే అడిగింది.
కిటికీ మీద వాన.
నడవాలో ఎవరిదో మందుల బండి వెళ్ళిపోయింది.
"బొటనవేలు" అన్నాడు.

పోతూ పోతూ గిన్నెలోంచి ఒక్క శనగగింజ
పాత వేలికీ కొత్త వేలికీ మధ్య పట్టుకుని
పిల్ల అరచేతిలో పెట్టాడు.
జారలేదు.

నిజం చెప్పాడో, అబద్ధమో.
స్పర్శ ఎక్కడ తెలిసింది అన్న గడిలో
ఆ రోజు తేదీ మాత్రం వేసి
కాగితం మడిచాను.