లెక్కకందని నీళ్లు

రాయగడలో గాలి ఇటు మళ్లితే
కాగితం మిల్లు వాసన వార్డులోకి వస్తుంది.
ఉడికిన క్యాబేజీ మర్చిపోయిన గిన్నె వాసన.
రెండేళ్ల కిందట ఆ మిల్లు గేటు ఎదురుగానే
ఒక లారీ ఆఫీసులో కూర్చుని
టాలీలో పద్దులు కొట్టేదాన్ని.
వెదురు లోడు ఇంత, డీజిలు ఇంత,
డ్రైవరు బత్తా ఇంత.
రాత్రి ఎనిమిదికి రెండు వైపులా సరిపోతే
తాళం వేసి ఇంటికి.

బి.కామ్. ఫస్టుక్లాసు మూడు మార్కుల్లో పోయింది.
అది ఎవరికీ అక్కర్లేదిప్పుడు, నేనే మర్చిపోను.

ఒక రాత్రి డాలా తలుపు కింద చెయ్యి నలిగి
మా డ్రైవరు పోలినాయుడు ఆసుపత్రిలో పడితే
బిల్లు కట్టడానికి నన్ను పంపారు.
ఒక నర్సు తెల్లవార్లూ అతన్ని
ఊరి పేరు అడుగుతూనే ఉంది,
నిద్రలోకి జారిపోకుండా.
చెప్పిన ఊరే మళ్లీ చెప్పాడు, విన్న ఊరే మళ్లీ విన్నది.
పొద్దున్న ఆఫీసులో మందుల రశీదులు ఎక్కించాను గానీ
ఆ అడగడాన్ని ఏ పద్దు కింద వెయ్యాలో తెలియలేదు.
‘ఇతరములు’ అని రాసి, సున్నా పెట్టాను.

ఆ సున్నా నన్నిక్కడికి తెచ్చింది.

ఇరవయ్యారేళ్లకి మళ్లీ మొదటి బెంచీ.
జుట్టుకి వల, కాళ్లకి తెల్ల మేజోళ్లు,
పంతొమ్మిదేళ్ల మమితని దీదీ అనడం.
దుప్పటి మూల నలభై అయిదు డిగ్రీల్లో మడవాలి.
నాది నాలుగోసారీ జారిపోతే మమిత నవ్వింది:
‘నీ దగ్గరున్నది ఒక్క డిగ్రీయే కదా!’

అమ్మ ఫోనులో:
‘ఏటే చంద్రికా, పదిహేనేళ్లు సదివి
ఉచ్చ కొలుస్తన్నావట?’
కొలుస్తున్నానమ్మా. మిల్లీలీటర్లలో.
గీత దగ్గర కళ్లు పెట్టి, వంగి.

ఇక్కడ ఒక రోగి మూడు భాషల్లో మూలుగుతాడు.
ఒడియాలో ముండొ అంటే తల.
‘ముండొ బిందుచి’ అని ఎవరో అరిస్తే
పాతపట్నం నుంచి కొత్తగా వచ్చిన లలితాంబ
తననే తిట్టారనుకుని స్టోరు గదిలో ఏడ్చింది.
కువి నాకింకా నోరు తిరగదు.
పద్నాలుగో మంచం దసురు కడ్రక
నొప్పెక్కడని అడిగితే
కిటికీలోంచి కొండని చూపిస్తాడు.
అది జవాబో కాదో.

అతని చార్టు నాది.
లోపలికి: సెలైను, బార్లీ, రెండు గుక్కల టీ, మొత్తం పద్దెనిమిది వందల యాభై.
బయటికి: పదకొండు వందల ఇరవై.
మూడుసార్లు కూడాను.
మంచం కింద చూశాను, దుప్పటి తడిమాను.
ఏడు వందల ముప్ఫై ఎక్కడికి పోయింది?
లారీ ఆఫీసులో అయితే
ఈ పాటికి ఎవడో ఒకడి ఉద్యోగం ఊడేది.

పాణిగ్రాహి సిస్టరు చార్టు చూసి, కళ్లజోడు తీసి,
‘ఒంట్లోంచి పోతుంది. ఊపిరిలోంచి పోతుంది.
రోజుకి ఇంచుమించు అంతే.
కొలవలేం. ఇంకో చార్టు తే’ అంది.

అయిదేళ్లు నేను చదివిన ఏ లెక్కల పుస్తకంలోనూ
ఇలా జారిపోవడానికి అనుమతి లేదు.

రాత్రి మూడింటికి కడ్రక నీళ్లడిగాడు.
స్టీలు గ్లాసు పెదవులకి ఆనించాను.
తాగింది నలభై.
దించేసరికి గ్లాసు అంచు లోపల
అతని ఊపిరి తెల్లగా పట్టి ఉంది,
నేను చూస్తుండగానే పోయింది.
నలభై అని రాశాను.

పొద్దున్న ఏడింటికి చార్టు అప్పగించాను.
తేడా ఉన్నది ఉన్నట్టే ఉంది.
ఎవరూ సంజాయిషీ అడగలేదు.
నాగావళి వైపు హాస్టలు దారిలో నడుస్తుంటే
యూనిఫాం వీపున తడిసి అంటుకుంది.
అదీ ఎక్కడా రాయలేదు.