ఖో

డైరీలో ఎర్రసిరాతో రాసింది నేనే:
"ఖలీల్ తోటిపిల్లల్ని కొడుతున్నాడు."

ఉదయగిరి బడి. మూడో పీరియడు. ఖోఖో.
వరసలో కూచున్న మాలకొండయ్య వీపు మీద
ముందు చెయ్యి పడింది, దబ్‌మని.
ఖో అన్న మాట తర్వాతెప్పుడో వచ్చింది.
అప్పటికే వాడు బోర్లా పడ్డాడు.
అందరూ నవ్వి, నవ్వడం ఆపేసినాక
ఖలీల్ ఒక్కడే నవ్వాడు.
అది ఇంకో తప్పయింది.

సాయంత్రం డైరీ పట్టుకుని వాళ్ళమ్మ వచ్చింది
కొంగునిండా నర్దిచెక్క పొట్టు.
"కొట్టలా సార్. పిలిచినాడు.
ఎంత ఆనించాల్నో ఆ చేతికి తెలీదు.
వాడు మెట్లు దిగేటప్పుడు చూడండి ఒకసారి."

చూశాను.
రెండు కళ్ళూ కాళ్ళకే కాపలా.
పక్కవాడు కన్ను గీటినా, మూతి ముడిచినా
చూడ్డానికి ఇంకో కన్ను మిగల్లేదు.
పప్పు ఒలక్కుండా పళ్ళెం
వరండా చివరిదాకా మోసుకొచ్చేసరికి
అక్కడ జోకు అయిపోయి ఉంటుంది,
మూతులు కడుక్కుంటూ ఉంటారు.

ఆమె వెళ్తూ వెళ్తూ సంచిలోంచి
ఓ కొయ్య చెంచా తీసి చూపించింది, వాడు చెక్కింది.
ఒక అంచు మందం, ఒక అంచు కాగితం.
"అమ్ముడుపోదు లెండి.
మా ఇంట్లో కూర వడ్డించేది దీంతోనే."

ఎర్రసిరా అట్లానే ఉంది. కొట్టేస్తే ఇంకా కనపడుతుంది.

మర్నాడు వరసలో నేనూ కూచున్నాను,
ఖలీల్ వైపు వీపు పెట్టి.
పడింది.
నొప్పి నిజమే.
పిలిచాడు కదా,
లేచి పరుగెత్తాను.